ఎమీ వైన్‌హౌస్ వెనక వాయించింది ఎవరు? షారన్ జోన్స్, డాప్ కింగ్స్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌కి ముందు ఒక చిన్న పని చేద్దాం. ఎమీ వైన్‌హౌస్ పాడిన 'రీహాబ్' పాట మీలో చాలామంది వినే ఉంటారు. ఏ రీల్‌లోనో, ఏ కేఫ్‌లోనో చెవిన పడే ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ పాట ఇంకోసారి పెట్టుకోండి. కానీ ఈసారి ఎమీ గొంతు వినకండి. వెనకాల వినండి. పొడిగా, గట్టిగా పడే డ్రమ్ దెబ్బ, దాని మీద చప్పట్లు, ఒక ట్రంపెట్, దాని కింద లావుగా గురగురమనే శాక్సఫోన్. వింటుంటే ఇది మన నాన్నలు పుట్టిన రోజుల నాటి రికార్డేమో అనిపిస్తుంది. కానీ ఆ పాట వచ్చింది 2006లో.

నాకు ఈ డౌట్ వచ్చినప్పుడు నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో బెంచ్ మీద ఉన్నాను. ప్రాజెక్ట్ లేదు, పని లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోవడమే. అప్పుడు వెతికా, అసలు వాయిస్తున్నది ఎవరని. దొరికిన జవాబు ఏంటంటే, అది ఎమీ బ్యాండ్ కాదు. వేరే సింగర్ బ్యాండ్. ఆ సింగర్ పేరు షారన్ జోన్స్. ఆవిడ మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆవిడ వయసు 46. అప్పటిదాకా ఆవిడ జీవితమంతా వేరేవాళ్ల వెనకాల నిలబడి పాడటమే.

సో, ఇవాళ మాట్లాడుకునేది ఆవిడ గురించి, ఆవిడ వెనక నిలబడిన బ్యాండ్ గురించి. ఆ బ్యాండ్‌లో ఒక్కొక్కడూ ఎక్కడెక్కడి నుంచి వచ్చాడో చూస్తే ఆ సౌండ్ ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

ముందు షారన్. 1956 మే 4న అమెరికాలో జార్జియా రాష్ట్రం, అగస్టా అనే ఊళ్లో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో ఆఖరిది. అగస్టా అంటే మామూలు ఊరు కాదు, జేమ్స్ బ్రౌన్ పెరిగిన ఊరు. చిన్నప్పుడు ఇంట్లో పిల్లలంతా జేమ్స్ బ్రౌన్‌లా పాడుతూ, డాన్స్ చేస్తూ ఆడుకునేవాళ్లు. తర్వాత కుటుంబం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి వచ్చింది. అక్కడ ఆవిడ అసలు బడి చర్చి. ఆదివారం గాస్పెల్ పాటలు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. 'సోల్ మ్యూజిక్' అంటే ఏంటి? సింపుల్‌గా చెప్తా. అమెరికాలో నల్లజాతి వాళ్ల చర్చిల్లో దేవుడి కోసం పాడే పద్ధతి ఒకటుంది. గొంతు చించుకుని, ఏడుస్తూ, ఒకరు ఒక మాట అంటే మిగతావాళ్లు జవాబిస్తూ పాడతారు. 1950ల్లో రే చార్లెస్ లాంటి వాళ్లు అదే పద్ధతి తీసుకుని, దేవుడి స్థానంలో ప్రేమ, విరహం, డబ్బు కష్టాలు పెట్టి పాడారు. గొంతు చర్చిది, బాధ ఇంటిది. అదే సోల్. కాబట్టి షారన్ సోల్ పాడటం కొత్తగా నేర్చుకోలేదు. ఆవిడ పెరిగిందే అందులో.

మరి ఆవిడ 1970ల్లో, 80ల్లో ఎందుకు స్టార్ కాలేదు? ఈ కథలో మనకి మంటెక్కే భాగం ఇదే. ఆవిడ రికార్డ్ కంపెనీల చుట్టూ తిరిగింది. ఒకచోట మొహం మీదే చెప్పారంట. మరీ నల్లగా ఉన్నావు, మరీ లావుగా ఉన్నావు, మరీ పొట్టిగా ఉన్నావు, వయసు కూడా దాటిపోయింది అని. గొంతు గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు! మన ఇళ్లల్లో పెళ్లిచూపుల దగ్గర ఈ లిస్ట్ వినని ఆడపిల్ల ఉంటుందా చెప్పండి? అక్కడ కూడా అదే లిస్ట్.

ఆవిడ హైట్ అయిదడుగులు కూడా లేదు. సరే, బతకాలి కదా. రైకర్స్ ఐలాండ్ అని న్యూయార్క్‌లో పెద్ద జైలు ఉంది, అక్కడ గార్డుగా పనిచేసింది. తర్వాత బ్యాంకుల డబ్బు తీసుకెళ్లే వ్యాన్‌కి సెక్యూరిటీగా చేసింది. నడుముకి తుపాకీ. వీకెండ్‌లో పెళ్లిళ్లలో పాడే బ్యాండ్. మధ్యలో ఎవరైనా పిలిస్తే స్టూడియోకెళ్లి మెయిన్ సింగర్ వెనక కోరస్. ఇలా దాదాపు 20 ఏళ్లు.

ఇప్పుడు 1996కి వద్దాం. ఆవిడకి 40 ఏళ్లు. న్యూయార్క్‌లో లీ ఫీల్డ్స్ అనే సోల్ సింగర్ రికార్డింగ్ జరుగుతోంది. కోరస్‌కి ముగ్గురు సింగర్స్‌ని పిలిచారు. వచ్చింది ఒక్కరే, షారన్. ఆవిడ ఏం చేసిందంటే, ముగ్గురి భాగాలూ తనే పాడేసింది. స్టూడియోలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు నోరెళ్లబెట్టారు. వెంటనే ఆవిడతో సోలోగా ఒక ట్రాక్ రికార్డ్ చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు గేబ్రియల్ రాత్.

ఈ గేబ్రియల్ రాత్ ఎవరు? కాలిఫోర్నియా నుంచి చదువుకోవడానికి న్యూయార్క్ వచ్చిన తెల్లజాతి కుర్రాడు. బేస్ గిటార్ వాయిస్తాడు, పాటలు రాస్తాడు, రికార్డింగ్ కూడా తనే చేస్తాడు. 1960లు, 70ల నాటి ఫంక్ రికార్డులంటే పిచ్చి. ఎంత పిచ్చి అంటే, అతను, అతని పార్ట్‌నర్ ఫిలిప్ లేమన్ కలిసి డెస్కో అని చిన్న లేబుల్ పెట్టారు. అందులో ఒక రికార్డ్ వేసి, ఇది 1970ల నాటి ఒక కుంగ్‌ఫూ సినిమా మ్యూజిక్ అన్నట్టుగా అమ్మారు. అసలు అలాంటి సినిమానే లేదు! వీళ్లే స్టూడియోలో కూర్చుని వాయించారు. పాత రికార్డులు ఏరుకునే జనం నిజమని నమ్మి కొనుక్కున్నారు.

ఇది సరదాగా ఉంది కానీ, ఇందులో ఒక ప్రాబ్లం కూడా ఉంది. పాతదానిలా వాయించడం వచ్చు, సరే. కానీ కాపీ ఎంత బాగున్నా కాపీయే. ఆ కుర్రాళ్లు రికార్డుల్లో విని నేర్చుకున్నది షారన్ బతికి నేర్చుకుంది. అందుకే ఆవిడ్ని ఎవరైనా 'రెట్రో సింగర్' అంటే అస్సలు ఒప్పుకునేది కాదు. నిజమే కదా, తను పెరిగిన సంగీతం తనకి రెట్రో ఎలా అవుతుంది? వాళ్లకి ఆవిడ గొంతు కావాలి. ఆవిడకి, మొహం చూసి కాదు గొంతు విని నిలబడే మనుషులు కావాలి. రెండూ ఆ గదిలో కలిశాయి.

2000లో డెస్కో మూతపడింది. రాత్, శాక్సఫోన్ వాయించే నీల్ షుగర్‌మన్ కలిసి డాప్‌టోన్ అని కొత్త లేబుల్ మొదలుపెట్టారు. దాని హౌస్ బ్యాండే డాప్ కింగ్స్. ఇది నిజానికి మూడు బ్యాండ్ల నుంచి మనుషుల్ని కలిపి చేసిన బ్యాండ్. ఒక్కొక్కరిని చూద్దాం.

మొదటిది సోల్ ప్రొవైడర్స్, రాత్ పాత బ్యాండ్. అక్కడి నుంచి బింకీ గ్రిప్‌టైట్ వచ్చాడు. గిటార్ వాయిస్తాడు, స్టేజ్ మీద అనౌన్సర్ కూడా అతనే. జేమ్స్ బ్రౌన్ షోల్లో డానీ రే అనే ఆయన ఉండేవాడు. హీరో ఎంట్రీకి ముందు జనాన్ని ఊరించి, ఊరించి పిలుస్తాడు. బింకీ పని అదే. షారన్ రాకముందు బ్యాండ్ ఒకట్రెండు పాటలు వాయిస్తుంది, బింకీ మైక్ పట్టుకుని 'వస్తోంది, వస్తోంది' అని వేడెక్కిస్తాడు, అప్పుడు ఆ చిన్న మనిషి తుఫానులా వచ్చి పడుతుంది.

అదే బ్యాండ్ నుంచి ఫెర్నాండో వెలెజ్, కాంగా డ్రమ్స్. ఇతనూ, రాత్ కూడా యాంటీబాలాస్ అనే ఇంకో బ్రూక్లిన్ బ్యాండ్‌లో వాయించినవాళ్లు. యాంటీబాలాస్ వాయించేది ఆఫ్రోబీట్. అంటే నైజీరియాలో ఫేలా కూటి పుట్టించిన సంగీతం. అందులో ఒక చిన్న ముక్కని పది, పదిహేను నిమిషాలు ఆగకుండా, మారకుండా వాయిస్తారు. అది చాలా కష్టం, ఎందుకంటే చేతులు ఊరుకోవు, ఏదో ఒక షో చేద్దామనిపిస్తుంది. అలా చేయకుండా ఉండటమే ఆఫ్రోబీట్ నేర్పే పాఠం.

రెండోది షుగర్‌మన్ త్రీ, అంటే నీల్ షుగర్‌మన్ సొంత బ్యాండ్. శాక్సఫోన్, హామండ్ ఆర్గన్, వెనక డ్రమ్స్. జాజ్‌కీ డాన్స్ మ్యూజిక్‌కీ మధ్యలో ఉండే రకం. తర్వాత వచ్చిన బారిటోన్ శాక్స్ ఇయన్ హెండ్రిక్సన్ స్మిత్ కూడా జాజ్ మనిషే. మొదట్లో చెప్పా కదా, లావుగా గురగురమనే సౌండ్ అని, అది ఈ బారిటోన్ శాక్సే. జాజ్ వాయించేవాళ్లకి ఐదు నిమిషాలు సోలో ఇచ్చినా చాలదు. అలాంటివాళ్లు ఇక్కడ సింగర్ రెండు లైన్ల మధ్య గ్యాప్‌లో నాలుగంటే నాలుగు స్వరాలు వాయించి ఆగిపోతారు.

మూడోది మైటీ ఇంపీరియల్స్. ఇది హైస్కూల్ పిల్లల బ్యాండ్. నిజంగానే! అందులో డ్రమ్మర్ హోమర్ స్టైన్‌వైస్. టీనేజ్‌లోనే వీళ్ల దగ్గరికి వచ్చేశాడు. షారన్‌కి అతను కొడుకు వయసువాడు. కానీ ఎమీ పాటలో మీరు విన్న ఆ డ్రమ్ దెబ్బ ఈ కుర్రాడిదే.

ఆ దెబ్బ గురించి కొంచెం చెప్పాలి. మీరు ఇప్పుడు వేళ్లతో టేబుల్ మీద 1, 2, 3, 4 అని కొట్టండి. చర్చిలో, సోల్ పాటల్లో చప్పట్లు 2 మీదా, 4 మీదా పడతాయి. పాట ఊగేది అందుకే. జేమ్స్ బ్రౌన్ వచ్చి ఏమన్నాడంటే, బ్యాండంతా కలిసి 1 మీద గట్టిగా దిగండి అన్నాడు. మధ్యలో ఎవరు ఎటు తిరిగినా ఆ 1 దగ్గరికి వచ్చి కలవాల్సిందే. మన తబలా వాళ్ల భాషలో చెప్పాలంటే సమం మీదికి రావడం. ఫంక్ అంటే అదే. డాప్ కింగ్స్‌లో బేస్ గిటార్ రాత్, డ్రమ్స్ హోమర్ ఈ పని చూసుకుంటారు. సింగర్ గొంతు ఎంత వెనక్కి లాగినా, ఎంత ముందుకి దూకినా, 1 దగ్గర వీళ్లు ఉంటారు. పడిపోతానని భయం లేదు కాబట్టే ఆవిడ దూకగలదు.

వీళ్లు రికార్డ్ చేసిన పద్ధతి కూడా చెప్తా. బ్రూక్లిన్‌లోని బుష్‌విక్‌లో ఒక పాత రెండంతస్తుల ఇల్లు తీసుకుని, బ్యాండ్ వాళ్లే చేతులేసి స్టూడియో చేసుకున్నారు. కంప్యూటర్ లేదు. 8 ట్రాకుల టేప్ మెషిన్. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో ఎన్ని ట్రాకులైనా వేసుకోవచ్చు. తప్పు పోతే కంట్రోల్ జెడ్. నేను కోడింగ్ చేసినన్నాళ్లూ బతికిందే దాని మీద. టేప్ మీద అది లేదు. 8 ట్రాకులంటే రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, కాంగా, ట్రంపెట్, శాక్సఫోన్లు, గొంతు, అన్నీ అందులోనే ఇరకాలి. కాబట్టి ఒకే గదిలో కలిసి వాయించాలి, ఎవరు గట్టిగా, ఎవరు మెల్లగా అనేది మిక్సింగ్‌లో కాదు, అక్కడే చెవితో తేల్చుకోవాలి. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. మన దగ్గర ఘంటసాల, సుశీల గార్ల రోజుల్లో మద్రాస్ స్టూడియోల్లో పాటలు ఇలాగే అయ్యేవి, ఆర్కెస్ట్రా మొత్తం సింగర్‌తో కలిసి ఒకే టేక్. ఆ పాటల్లో ఉండే ఆ ఊపిరి అందుకే.

2002లో షారన్ జోన్స్ అండ్ ద డాప్ కింగ్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది. పెద్ద కంపెనీ లేదు, యాడ్స్ లేవు. వ్యాన్ ఎక్కి ఊరూరా తిరిగి వాయించారు. 2005లో రెండోది. మెల్లగా పేరు వస్తోంది.

అప్పుడు వచ్చాడు మార్క్ రాన్సన్, ప్రొడ్యూసర్. లండన్ అమ్మాయి ఎమీ వైన్‌హౌస్‌కి ఆ 1960ల సౌండ్ కావాలి. ఆ సౌండ్ ఎవరి దగ్గర ఉందో అతనికి తెలుసు. డాప్ కింగ్స్‌ని పిలిచాడు. 'బ్యాక్ టు బ్లాక్' ఆల్బమ్‌లో రాన్సన్ చేసిన పాటల్లో వాయించింది వీళ్లే. 2008 ఫిబ్రవరిలో ఎమీకి ఒకే రాత్రి 5 గ్రామీలు వచ్చాయి. ఎమీ అమెరికా టూర్‌లో కూడా వీళ్లే వెనక వాయించారు.

ఇప్పుడు షారన్ వైపు నుంచి ఆలోచించండి. మీ బ్యాండ్, మీతో పదేళ్లు కష్టపడి తయారైన సౌండ్. దాన్ని పెట్టుకుని ఇరవై మూడేళ్ల అమ్మాయి ప్రపంచాన్ని గెలిచింది. ఎమీ తప్పేం లేదు, ఆమెది అద్భుతమైన గొంతు, ఆమె పాటలు ఆమె రాసుకున్నవే. కానీ ఆ సౌండ్ మొదట ఎవరి చుట్టూ పెరిగిందో చాలామందికి ఇప్పటికీ తెలీదు. నాకూ తెలీదు కదా, వెతికేదాకా. ఇంకోవైపు, ఎమీ వల్లే చాలామంది వెతుక్కుంటూ షారన్ దగ్గరికి వచ్చారు. రెండూ నిజమే. 2007లో వచ్చిన షారన్ మూడో ఆల్బమ్, 2010లో వచ్చిన నాలుగోది అంతకుముందు వాటికంటే చాలా దూరం వెళ్లాయి.

2013లో ఐదో ఆల్బమ్ రెడీ. రిలీజ్‌కి ముందు ఆవిడకి క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో. ఇక్కడ ఆలోచించండి, ఒక సింగర్ మీద ఇంతమంది ఇల్లు నడుస్తోంది. షోలు లేకపోతే డబ్బు లేదు. వాళ్లు కావాలంటే ఇంకొకరితో వెళ్లొచ్చు, అంత డిమాండ్ ఉంది. కానీ ఆల్బమ్‌ని ఆపారు. ఆవిడ కోసం ఆగారు. 2014 జనవరిలో రిలీజ్ చేశారు. ఫిబ్రవరిలో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఆవిడ మళ్లీ స్టేజ్ ఎక్కింది. కీమో వల్ల తల మీద జుట్టు లేదు. విగ్గు పెట్టుకోలేదు. ఆ గుండుతోనే పాడింది, ఆడింది. నల్లగా ఉన్నావు, లావుగా ఉన్నావు అన్నవాళ్లకి అంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది? ఆ ఆల్బమ్‌కే గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. ఈ రోజులన్నీ బార్బరా కాపుల్ డాక్యుమెంటరీ తీసింది, పేరు 'మిస్ షారన్ జోన్స్!'. దొరికితే తప్పకుండా చూడండి. బ్యాండ్ వాళ్లు ఎదురుచూసే సీన్లు కూడా అందులో ఉన్నాయి.

జబ్బు మళ్లీ వచ్చింది. 2016 నవంబర్ 18న ఆవిడ చనిపోయింది. అరవై ఏళ్లు. చివరి రోజుల్లో స్ట్రోక్ వచ్చి మాట కష్టమైపోయినా, గాస్పెల్ పాటలు మాత్రం పాడిందంట. పక్కన బ్యాండ్ వాళ్లు ఉన్నారు. కీమో మధ్యలో ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో వచ్చి పాడిన పాటలతో 2017 నవంబర్‌లో చివరి ఆల్బమ్ 'సోల్ ఆఫ్ ఎ వుమన్' వచ్చింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన విషయం ఆఖరికి దాచా. షారన్ పెళ్లిళ్ల బ్యాండ్‌లో పాడేటప్పుడు తనతో పాటు ఇద్దరు ఆడవాళ్లు ఉండేవాళ్లు, సాండ్రా విలియమ్స్, స్టార్ డంకన్. పేరొచ్చాక షారన్ వాళ్లని తెచ్చి తన వెనక కోరస్‌లో పెట్టుకుంది. అక్కడితో ఆగలేదు. 2015లో వాళ్లిద్దరి పేరు మీదే, 'సాన్ అండ్ స్టార్' అని, డాప్‌టోన్ ఒక ఆల్బమ్ వేసింది. అదే ఇంట్లోంచి ఇంకో మనిషి, చార్ల్స్ బ్రాడ్లీ. క్లబ్బుల్లో జేమ్స్ బ్రౌన్ వేషం వేసుకుని బతికినవాడు. డాప్ కింగ్స్ గిటారిస్ట్ టామ్ బ్రెనెక్ అతనితో పాడించాడు. 2011లో మొదటి ఆల్బమ్ వచ్చేటప్పటికి బ్రాడ్లీకి 62 ఏళ్లు.

చూశారా? వెనకాల నిలబడిన మనిషిని ముందుకి తెచ్చారు. ముందుకొచ్చిన మనిషి ఇంకో ఇద్దరిని తెచ్చింది. టాలెంట్ ఉంటే ఎప్పటికైనా పైకొస్తారు అని మనకి చిన్నప్పట్నుంచి చెప్తారు. నేను ఇప్పుడు దాన్ని నమ్మను. షారన్‌కి టాలెంట్ ఇరవై ఏళ్లప్పుడే ఉంది. లేనిది వెనక నిలబడే మనుషులు. వాళ్లు దొరక్కపోయి ఉంటే ఆవిడ వ్యాన్ సెక్యూరిటీగానే రిటైర్ అయ్యేది, మనకి పేరు కూడా తెలిసేది కాదు. అలా తెలియకుండా పోయినవాళ్లు ఎంతమందో.

ఇది చెప్తూ నాకే సిగ్గేసిన విషయం ఒకటుంది. ఈ చానల్ మొదలుపెట్టినప్పట్నుంచి కెమెరా పట్టుకునేది, రాత్రి రెండింటి దాకా కూర్చుని ఎడిట్ చేసేది నా రూమ్మేట్. స్క్రీన్ మీద మొహం నాది, పేరు నాది. వాడి పేరు ఎక్కడా లేదు. వాడు అడగలేదు, నేను పెట్టలేదు. ఈ ఎపిసోడ్ నుంచి డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్ వాడి పేరే. పాత వీడియోలన్నిటిలో కూడా మారుస్తున్నా. వీడియో నచ్చితే లైక్ నాకు కొట్టండి, కామెంట్‌లో థాంక్స్ మాత్రం వాడికి చెప్పండి.

ఇప్పుడు వెళ్లి ఆ పాట పెట్టుకోండి. గొంతు వదిలేసి, వెనకాల వినండి. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.